నోరు తీసేసిన ఏజెంటు

మా చెల్లెలు అన్నపూర్ణమ్మ కూతురు నవనీతను పుంగనూరులో మెచ్చుకునేవాళ్లు తక్కువ. పెళ్లి మాటెత్తదు, జాతరకు రమ్మంటే ల్యాప్‌టాప్ చంకనేసుకుని వస్తుంది. మనిషికి తెలివి ఎలా పుడుతుందో చెప్పే సిద్ధాంతాలు పట్టుకుని, కుప్పంలో గది తీసుకుని, కంప్యూటర్‌లో తనంతట తానే ఆలోచించి మాట్లాడే బొమ్మలాంటిదాన్ని, ఒక ఏజెంటును కడుతోంది.

"లోపల శానా గొంతులుంటాయి పెద్దమ్మా. గెలిసిన గొంతు వెలుగులోకొస్తాది, మిగతావన్నీ దాన్ని వింటాయి. అదే తెలివి."

"దీనికి అంత సదువు యాల? మీయమ్మకు గంగమ్మ ఒంటిమీదికొస్తే జరిగేదీ అదే కదే!"

జాతరలో అన్నపూర్ణమ్మకు పూనకం రాగానే అరచేతిలో నిమ్మకాయ పెట్టి, "ఎవురు తల్లీ ఉండేది?" అని అడిగేవాళ్లం. పిడికిలి బిగిసేది. గంగమ్మ దిగిపోతే కాయ జారిపడేది. అంతవరకూ చెల్లెల్ని పేరుపెట్టి పిలిచేవాళ్లం కాదు.

పోయినేడు అన్నపూర్ణమ్మ తలలో నరం చిట్లింది. కళ్లు తెరిచే ఉంటాయి, మాట లేదు, చూపు నిలవదు, తిండి ముక్కులో వేసిన పైపు గుండానే. లోపల తెలివి ఉందో లేదో చెప్పలేనన్నాడు మదనపల్లె డాక్టరు. కొడుకు హరినాథ్ మాత్రం తేల్చేశాడు.

"ఆడ ఎవురూ లేరు. ముక్కు పైపు తీసేద్దాం."

నవనీత గడువడిగి, నన్ను వెంటబెట్టుకుని కుప్పం పోయింది. తల్లి మాదిరే ఉండాలని ఏజెంటుకు బయటికి మాట్లాడే భాగం తీసేసింది. లోపలి గొంతులు మాత్రం తెరమీద కనబడేలా పెట్టింది. నేను కూడబలుక్కుని చదివాను. కాసేపు అవి ఒకదానిమీద ఒకటి పడ్డాయి. తర్వాత ఒకటే మాట మళ్లీ మళ్లీ వెలుగులోకి వచ్చింది: వినపడుతోందా?

"ఆపెయ్యే!" అన్నాను.

"ఉత్త లెక్కలు పెద్దమ్మా. ఎవురూ లేరు," అంది. చెయ్యి మాత్రం బటన్ మీదికి పోలేదు.

పుంగనూరు రాగానే నిమ్మకాయ తెచ్చి తల్లి అరచేతిలో పెట్టింది.

"ఎవురు తల్లీ ఉండేది?"

వేళ్లు ముడుచుకున్నాయి.

"నరాలు గుంజుకున్యాయి, అంతే," అన్నాడు హరినాథ్.

"అయితే ఆ కాయ నువ్వే తియ్యప్పా, మగోడివి కదా!" అన్నాను.

చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. పైపు మాట మళ్లీ ఎత్తలేదు.

నవనీత గెలిచాననుకుంది. ఆ పిచ్చిదానికి తెలియనిది ఒకటుంది. ఆ ప్రశ్న మేము ఒంటిమీదికి వచ్చినవాళ్లను అడుగుతాం, ఆ ఒళ్లు ఎవరిదో ఆ మనిషిని కాదు.

కాయ ఎండి నల్లబడింది. ఇంకా జారలేదు. కుప్పంలో తెర వెలుగుతూనే ఉందట. రోజూ చెల్లెలి నోరు తడుపుతాను. పేరుపెట్టి మాత్రం పిలవను.