మా మేనకోడలి అంతరిక్ష సేనకు నేనిచ్చిన మనిషి

లారీ మమ్మల్ని కాశ్మీరు కొండల అడుగున మధ్యాహ్నం దింపింది. అక్కడి నుంచి పోస్టుకు నడకే. వీపు మీద సంచి, రైఫిలు, తూటాలు, పార. ఒంటి మీద రెండు వరుసల ఉన్ని, దాని పైన తెల్ల కోటు. నాలుగడుగులేస్తే ఊపిరి అందేది కాదు. గోదావరిఖని ఎండల్లో పెరిగిన ఒళ్లు మరి! ముక్కులోంచి కారినదల్లా మీసం మీదే గడ్డకట్టింది.

ఈ మీసం సంగతి మా మేనకోడలికి తెగ నచ్చింది. ఆ పిల్ల హైదరాబాదులో ఫోన్ ఆటలు తయారుచేసే ఆఫీసులో బొమ్మలు గీస్తుంది. ఇప్పుడు గీస్తున్నది అంతరిక్ష సైన్యం. ఏదో మంచు గ్రహం మీద యుద్ధమట.

"మామా, అసలు సిపాయిలు ఎట్లుంటరో చెప్పు. మావోళ్లు ఉత్త బొమ్మల్లెక్క ఉన్నరు" అని వెంటపడింది. తను గీసిన సిపాయిలను చూశాను. అందరూ పెళ్లికొడుకుల్లా మెరిసిపోతున్నారు. నాకు ఒళ్లు మండింది.

"మీవోళ్లు ఒంటేలుకు ఏడికి పోతరే?" అన్నాను.

ఇక లాభం లేదని నా సంగతే చెప్పాను.

పోస్టు అంటే కొండ అంచున మూడు బంకర్లు. రేకులు, దుంగలు, మట్టి సంచులు. ఎదురు కొండ మీద శత్రువు. మాకు పెద్దదిక్కు హవల్దారు, పంజాబీ మనిషి. వైర్‌లెస్ ఆపరేటరు మాత్రం మన బెల్లంపల్లి వాడు. వాడి నాయన, మా నాయన ఇద్దరూ బొగ్గుబాయి కార్మికులే. నన్ను 'అన్నా' అనేవాడు.

ఒకనాడు పొద్దున ఏడింటికి చాయ్ పెట్టుకున్నాం. మొదటి షెల్ చాయ్ గిన్నెను, వంటవాడి ముఖాన్ని ఒక్కసారే తీసుకుపోయింది. మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. రెండోది వైర్‌లెస్ బంకరు మీద పడింది. రేకులు, దుంగలు, మట్టి అంతా ఆపరేటరు మీద కూలింది. ఎదురు కొండ నుంచి మిషన్ గన్ మొదలైంది.

"వెనక్కి! అందరూ కందకంలోకి!" అని హవల్దారు అరిచాడు.

"సాబ్, ఆపరేటరు లోపలున్నాడు!"

"బతికున్నాడని నీకేం తెలుసు?"

బాయిలో కప్పు కూలితే మా నాయన వాళ్లు ముందే తవ్వరు. ఇనుము మీద కొట్టి, చెవి ఆనించి వింటారు. లోపల ప్రాణం ఉంటే తిరిగి కొడుతుంది. నేను పారతో రేకు మీద మూడు దెబ్బలు కొట్టాను. తూటాలు పక్కనున్న సంచుల్లో దిగుతున్నాయి. లోపలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. బాయి కార్మికుడి కొడుకు కదా, కేకలేసి ఉన్న కాస్త గాలీ పాడుచేసుకోలేదు.

ఆ చప్పుడు హవల్దారూ విన్నాడు. మారుమాట లేకుండా పార అందుకున్నాడు. బోర్లా పడుకుని తవ్వాం. ఒక తూటా ఆయన భుజాన్ని చీల్చుకుపోయింది. బూతులు తిడుతూ రెండో చేత్తో తవ్వాడు. చివరికి రేకు సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"అన్నా, నువ్వేనా?"

"నేనేరా. ఫికర్ చెయ్యకు, తీస్తున్నం."

"కాళ్ల మీద దుంగ పడ్డదన్నా. జల్ది గుంజు."

"గుంజుత. గట్టిగ పట్టుకో."

పట్టుకున్నాడు. నా వేళ్లు విరుగుతాయేమో అనిపించింది. సరిగ్గా అప్పుడే మూడో షెల్ అక్కడే పడింది. వెనక్కి ఎగిరిపడ్డాను. చెవుల్లో హోరు, నోట్లో మట్టి. వాడి చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. హమ్మయ్య, బతికాడనుకుని బలమంతా పెట్టి లాగాను. తేలిగ్గా వచ్చింది. మోచేతి దాకానే ఉంది.

వాడి వేళ్లను నా వేళ్ల నుంచి హవల్దారే విడదీశాడు. ఆ పగలంతా నేను ఎదురు కొండను కాలుస్తూనే ఉన్నాను. రాళ్ల మధ్య నుంచి ఒకడు దొర్లిపోవడం కనిపించింది. సంతోషమేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, సంతోషమే వేసింది.

సైన్యంలో డ్యూటీ ముగిసి గోదావరిఖని ఇంటికొచ్చాను. ఇక్కడ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు జరిగితే క్వార్టర్ల కిటికీలు అదురుతాయి. అందరూ అన్నం తింటూనే ఉంటారు. నేను మాత్రం నేల మీద బోర్లా పడి ఉంటాను.

నిన్న మేనకోడలు ఆట తెచ్చి చూపింది. మంచు గ్రహం, కూలిన బంకరు, మూడు దెబ్బలు, బయటికి ఒక చెయ్యి. తెర మీద వేలు పెట్టి లాగితే మనిషి మొత్తం వస్తాడు. మంచు దులుపుకుని పరుగెత్తుతాడు.

"మామా, కోపమొచ్చిందా? తీసెయ్యాల్నా?" అంది భయంగా.

తిడదామనే నోరు తెరిచాను.

"ఉండనియ్యి పిల్లా. ఏదీ, ఇటియ్యి. నేను గుంజుత" అన్నాను.

లాగాను. వాడు లేచాడు. మళ్లీ లాగాను. మళ్లీ లేచాడు. పిల్ల ఫోన్ అడిగినా ఇవ్వలేదు. కళ్లు మూస్తే మాత్రం అదే చెయ్యి, మోచేతి దాకా, నా వేళ్లను వదలకుండా.