మున్సబుకు ఒంట్లో బాగాలేదు

తాబేలు దూరిన ఇల్లూ, అమీనా దూరిన ఇల్లూ బాగుపడవని మా చిత్తూరు వైపు ఒక మాట. సరిహద్దు అవతల అరవవాళ్లూ ఇదే అంటారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో నాకు తెలియదు. అమీనా అంటే కోర్టు మనిషి. డిక్రీ పట్టుకుని వచ్చి ఇంట్లోని బిందెలూ మంచాలూ జప్తు చేసేవాడు, కోర్టు చెబితే మనుషులనే వీధిలో పెట్టేవాడు. అలాంటివాడు గడప తొక్కితే ఆ ఇంటికి ఏం మిగులుతుంది? తాబేలు పాపం ఏం చేసిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఒకటి దూరితేనే కొంప కొల్లేరని పెద్దలు చెప్పిపోతే, డెబ్బై ఎనిమిదిలో మా ఇంటి ముందు రెండూ ఒకే జట్కాలోంచి దిగాయి.

సంతపేటలో మా ఇల్లు. ముందు భాగంలో మా అమ్మ శకుంతలమ్మ, నేను, నా భార్య వరలక్ష్మమ్మ ఉండేవాళ్లం. వెనక బావి పక్కన, సందులోకి వేరే వాకిలి ఉన్న గది ఒకటి ఖాళీగా ఉంటే, నా ఇత్తడి పాత్రల అంగడికి వచ్చే ఒకాయన అద్దెకు మనిషిని చూపించాడు. పేరు దొరస్వామి, సత్యవేడు నుంచి బదిలీ మీద వస్తున్నాడు, కోర్టులో పని, భార్య పోయింది, పిల్లలు లేరు అన్నాడు. కోర్టు అనగానే మా అమ్మ కళ్ల ముందు నల్లకోటు కనబడింది. మా ఇంటికి లాయరు వస్తున్నాడని వీధంతా చెప్పుకుంది.

జట్కా దిగిన మనిషిని చూడగానే ఎదురింటి అక్కమ్మ, అరుగు మీద ఆరబెట్టిన బిందెలన్నీ లోపల వేసుకుని గడియ పెట్టుకుంది. ఆమె పుట్టిల్లు సత్యవేడు. అమ్మకు అప్పుడు అనుమానం వచ్చింది.

"కోర్టులో ఏం పనప్పా నీది?"

"అమీనానమ్మా."

అమ్మ అరుగు మీద కూలబడింది. దొరస్వామి కంగారుపడి, ఆమెకు నీళ్లిద్దామని చేతిలోని గోనెసంచి కింద పెట్టి చెంబు కోసం వెతకసాగాడు. ఈలోగా సంచీలోంచి తాబేలు మెడ సాచి అమ్మను పరీక్షగా చూసింది.

"దేవుడా! సామెతే నడుసుకుంటా వచ్చింది గదరా!" అంది అమ్మ.

మాట ఇచ్చేశాం, ఇక పొమ్మనడానికి లేదు. కనీసం తాబేలునైనా సాగనంపుదామని అమ్మ పురోహితుడు పరంధామయ్యగారిని అడిగింది. ఆయన ముక్కుపొడుం పీల్చి, "కూర్మావతారం తల్లీ! వెళ్లగొడితే స్వామిని వెళ్లగొట్టినట్టే. అయితే ఇంట్లో ఉండటం అరిష్టమే. ఇంట్లో చచ్చిందంటే మాత్రం చెప్పలేను" అని లేచి వెళ్లిపోయాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి అమ్మ తనే ఒక చట్టం చేసింది. అమీనా సందు వాకిలి నుంచి వచ్చి సందు వాకిలి నుంచి పోవాలి. మా గడప తొక్కకూడదు. తాబేలు బావి దాటి ఇటు రాకూడదు.

దొరస్వామికి ఈ చట్టం కొత్త కాదు. పెళ్లిళ్లలో ఆయనకు తాంబూలం పందిరి బయటే ఇచ్చేవారు. కాణిపాకం పోయి వచ్చినవాళ్లు వీధిలో అందరికీ ప్రసాదం పంచి, ఆయనకు మాత్రం గోడ మీద పెట్టి పోయేవారు. ఆయన చేసే ఉద్యోగం చూస్తే మాత్రం నాకు నవ్వొచ్చేది. జప్తుకు పోయేటప్పుడు వీధి మొదట్లోనే సైకిల్ బెల్లు మొదలుపెట్టి, ఆ ఇంటి దాకా ఆపకుండా కొట్టుకుంటూ పోయేవాడు. అంతలో ఆ ఇంటివాళ్లు గిన్నెలూ గంగాళాలూ పక్కిళ్లకు చేరవేసుకునేవారు. ఈయన పోయి ఖాళీ ఇల్లు చూసి, ఏమీ దొరకలేదని రాసి పంపేవాడు. కోర్టులో తిట్లు తినేవాడు. "ఆడోళ్లు అన్నం వండుకునే గిన్నె మనమెట్టా ఎత్తుకొచ్చేదప్పా?" అనేవాడు నాతో. మరి ఈ ఉద్యోగం ఎందుకన్నా అంటే, నేను మానేస్తే బెల్లు కొట్టనివాడు వస్తాడు గదా అనేవాడు.

తాబేలు కూడా అలాంటి ఒక జప్తులోనే దొరికిందట. ఇల్లంతా ఖాళీ చేసుకున్నవాళ్లు, ధాన్యం గాదెలో దాన్ని ఒక్కదాన్నే వదిలేశారు. "నీ తోడు నువ్వు తీసుకుపో అమీనా!" అని వెనక నుంచి ఎవరో అరిచారట. ఆయన నిజంగానే తీసుకుపోయాడు. మెట్ట తాబేలు, డిప్ప మీద పసుపు చుక్కలు. అడిగినదానికి జవాబు చెప్పదు, తొందరపెడితే తల లోపలికి తీసుకుంటుంది, బయటికి ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. అందుకని దానికి తన కోర్టు జడ్జీని పిలిచినట్టే మున్సబు అని పేరు పెట్టాడు. పిలిచేముందు మాత్రం కోర్టువాళ్లెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసుకునేవాడు.

సాయంకాలం ఆయన వచ్చి నేల మీద వేలితో తట్టగానే మున్సబు బావిగట్టు కింద నుంచి బయలుదేరేది. ఆయన కాళ్లు కడుక్కుని, తోటకూర తరిగి, ఆ రోజు సంగతులన్నీ సగం చెప్పేసరికి వచ్చి చేరేది. ఊళ్లో ఆయన్ని చూసి ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే. ఈ మాట నేను నవ్వుతూ రాయలేను.

ఆ ఏడు ధనుర్మాసంలో మున్సబు మంచం పట్టింది. తోటకూర ముందు పెడితే కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేది. నేల మీద ఎంత తట్టినా కదలదు. దొరస్వామి మునగాకు పెట్టాడు, దోసకాయ పెట్టాడు, వాము నూరి మూతికి రాశాడు. ఉద్యోగంలో చేరాక ఎన్నడూ సెలవు పెట్టని మనిషి సెలవు పెట్టి దాని పక్కన కూర్చున్నాడు. వీధిలో ఎప్పుడూ ఆయనతో మాట్లాడనివాళ్లు కూడా గోడ మీంచి తొంగిచూసి వైద్యాలు చెప్పారు. అక్కమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే, వీధంతా దగ్గింది గానీ తాబేలు దగ్గలేదు.

మా అమ్మకు మాత్రం నిద్ర కరువైంది. బావి ఇవతల నిలబడి కేకేసింది.

"దొరసామీ! సూడప్పా, దానికేమన్నా అయిందంటే ఆ పొద్దే నువ్వు గది ఖాళీ చెయ్యల్ల. శవాన్ని పెట్టుకోని నేను ఈ ఇంట్లో దీపం పెట్టలేను."

దొరస్వామి బిత్తరపోయాడు. ఎందరినో ఖాళీ చేయించినవాడే గానీ తనను ఎవరైనా ఖాళీ చేయిస్తే ఎక్కడికి పోవాలో ఎన్నడూ ఆలోచించలేదు. చిత్తూరులో అమీనాకు గది ఇచ్చే రెండో పిచ్చిది దొరకదు. మా అమ్మ కూడా తెలియక ఇచ్చిందే.

"ఇల్లు పోతే సత్రంలోనైనా పడుంటానప్పా. ఇది పోతే నేనెవురితో మాట్లాడేది?" అన్నాడు నాతో.

ఆ మాటతో నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, అందరి మీదా. అంగడి మూసి సైకిలు తీశాను. వెనక కారియర్ మీద దొరస్వామి, ఆయన ఒళ్లో గోనెసంచి, అందులో మున్సబు. అలా పశువుల ఆసుపత్రికి పోయాం.

అక్కడ బర్రెలూ ఆవులూ పట్టుకుని జనం చాంతాడంత వరుసలో ఉన్నారు. ఈయన్ని చూడగానే ముందున్నవాడు పలుపు విప్పుకున్నాడు. వాడి వెనకాయన ఆవును తోలుకుని సందులోకి తిరిగాడు. మేం మెట్లెక్కేసరికి వాకిట్లో పేడ తప్ప పశువు లేదు. డాక్టరు జయరావుగారు బయటికి వచ్చి నివ్వెరపోయారు.

"ఏమయ్యా, ఈడుండే బర్రెలన్నీ యాడికి పోయినాయి?"

"నేను అమీనాను సార్. జప్తుకు వచ్చినాననుకోని తోలుకోని పోయినారు. నేను రోగం సూపించుకోను వచ్చినా."

"నీకా?"

"కాదు సార్, మున్సబుకు."

జయరావుగారు భయంగా రోడ్డు వైపు చూశారు. నేను సంచి విప్పి చూపించాను. ఆయన ఊపిరి పీల్చుకుని, తాబేలు వైద్యం తనకెవరూ నేర్పలేదని నిజం చెప్పేసి, అయినా బల్ల మీద పెట్టించుకున్నారు. అది తల బయట పెట్టేదాకా ఓపిగ్గా కాచుకుని, నోరు తెరిపించి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూశారు.

"నెయ్యి వాసన."

"యాడిది సార్ నెయ్యి? నేనే మజ్జిగ నీళ్లతో తింటా ఉండా."

డాక్టరు సన్నని పటకారుతో దాని నోట్లోంచి ఏదో లాగి అరచేతిలో పెట్టుకున్నారు. జీడిపప్పు ముక్క. మళ్లీ వాసన చూశారు. "పచ్చకర్పూరం గూడా. దీనికి చక్కెర పొంగలి పెడతా ఉండేదెవరయ్యా? డిప్ప సందుల్లో ఈ గంధమేంది? ఒళ్లంతా ఇట్లా చల్లగా ఉండాదే, ఈ చలికాలంలో చన్నీళ్లు పోస్తా ఉండారా? ఎండా వెచ్చనా లేకుంటే ఇది అరిగించుకోలేదు. ఇంకొన్నాళ్లిట్లా చేస్తే దక్కదు. తడి తగలకుండా వెచ్చగా పెట్టండి, పచ్చి ఆకే పెట్టండి."

పచ్చకర్పూరం వేసి పొంగలి వండే ఇల్లు మా వీధిలో ఏదో నాకు అక్కడే తెలిసిపోయింది. కానీ తాబేలు పేరెత్తితేనే చెంపలు వేసుకునే మనిషి ఆ పని చేస్తుందంటే, డాక్టరు ముక్కును నేను నమ్మలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు దొరస్వామి వెనక నుంచి అన్నాడు. "నేను జప్తు చేసినోళ్లు ఎవురో కచ్చ తీర్చుకుంటా ఉండారప్పా. నా మీద కోపముంటే నన్ను కొట్టొచ్చు గదా. నోరు లేనిదాన్నేల?" నేను సైకిలు తొక్కడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

మర్నాడు తెల్లవారుజామున దొంగను పట్టాలని దొరస్వామి దుడ్డుకర్ర పట్టుకుని బావి వెనక కూర్చున్నాడు. నేనూ దుప్పటి కప్పుకుని పక్కన చేరాను. మంచు పొగలా ఉంది. మా వంటింటి తలుపు కిర్రుమంది. తలకు పోసుకుని, తడి చీరతో, ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో విస్తరాకు పట్టుకుని మా అమ్మ వచ్చింది. గోనెసంచి తీసి, తాబేలును రెండు చేతులా ఎత్తి, కళ్లకద్దుకుని చాకిరేవు బండ మీద పెట్టింది. చెంబుడు చన్నీళ్లు గోవిందా అని దాని మీద పోసింది. గంధం పూసింది. పొంగలి ముద్ద దాని మూతికి ఆనించింది. తర్వాత పళ్లు టకటక కొట్టుకుంటుండగా చేతులు జోడించింది.

"కూర్మనారాయణా, తండ్రీ! ఇంట్లోకి వచ్చినావు, అరిష్టంగా గాకుండా దేవుడుగా ఉండు సామీ. నా బిడ్డ అంగడి సల్లగా ఉండల్ల. నా కోడలి కడుపు పండల్ల. ఈ అమీనాకు బదిలీ కావల్ల. దూరంగా వద్దులే, మదనపల్లి అయినా సాలు. పోయేటప్పుడు జీతం గూడా పెంచి పంపు. ఒంటి మనిషి, వండి పెట్టే దిక్కు లేదు."

దొరస్వామి చేతిలోని కర్ర కింద పడింది. అమ్మ ఉలిక్కిపడి తిరిగింది. పట్టుబడ్డ కోపంతో, "పొంచి సూస్తారా పెద్దోళ్లను? బుద్ధుండాదా?" అని ముందు మమ్మల్నే తిట్టింది. దొరస్వామి తన పైపంచె తీసి ఆమెకు అందేలా బండ మీద పెట్టి, వెనక్కి జరిగాడు.

"వణకతా ఉండావు గదమ్మా," అన్నాడు. "అదీ అంతే. వణికేదానికి చాతగాక పడుకోనుండాది. డాక్టరు చెప్పినాడు, ఈ నీళ్లకే, ఈ పొంగలికే అది పోతా ఉండాదంట."

అమ్మ తాబేలును చూసింది. ఆయన్ని చూసింది. నన్ను చూసింది.

"నేనా? నేనే సంపుతా ఉండానా దేవుణ్ని?"

ఆ వయసులో ఆమె అంత వేగంగా నడవడం నేను చూడలేదు. పైపంచెలో తాబేలును చుట్టుకుని, బావి దాటి, మా గడప దాటి, తిన్నగా వంటింట్లోకి పోయి పొయ్యి పక్కన, పొంగలి గిన్నె దించి ఆ చోట పెట్టింది. తన చట్టం తనే కాలరాసి పోయిందని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పగలు దాన్ని మిద్దె మీద ఎండలో పెట్టుకుని కాపలా కూర్చునేది. కాకి వాలితే కర్ర ఎత్తేది. వరలక్ష్మమ్మ చేత లేత తోటకూర కోయించేది. తిరుపతి వేంకటేశ్వరుడికి మొక్కుకుంది గానీ ఏం మొక్కుకుందో చెప్పలేదు.

దొరస్వామి మాత్రం గడప బయటే ఉండిపోయాడు. కోర్టుకు పోయేముందు, వచ్చాక, మా వంటింటి కిటికీ కింద నిలబడి అడిగేవాడు.

"అమ్మా, ఎట్లుండాది?"

"అట్లనే ఉండాది నాయనా."

ఆ 'అట్లనే' వింటూ ఆయన, చెబుతూ అమ్మ, ఇద్దరూ రోజురోజుకూ చిక్కిపోయారు. నేను బజార్లో అద్దెగదుల కోసం వాకబు చేశాను. ఎవరికని అడిగి, చెప్పగానే మాట మార్చేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చున్నాను. పొయ్యి పక్క నుంచి కరుక్కుమని చిన్న చప్పుడైంది. మున్సబు మెడ సాచి, తోటకూర ఆకును కొరికి, చాలా తీరిగ్గా నములుతోంది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అది ఆ ఆకంతా తినేసి ఇంకోటి అందుకుంది. అప్పుడు అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"దొరసామీ! రాప్పా, రా! తింటా ఉండాది!"

ఆయన బావిగట్టు మీంచి లేచి ఒక్క ఉరుకున వచ్చి, మా గడప ముందు ఠక్కున ఆగిపోయాడు. ఒక కాలు ముందుకు వేసి వెనక్కి తీసుకున్నాడు. లోపలికి చూశాడు, కింద గడపను చూశాడు. పిలవని ఇళ్లలోకి పోవడమే జీవితమంతా చేసిన మనిషి. పిలిచిన ఇంట్లోకి ఎలా పోవాలో ఆయనకు తెలియలేదు.

అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఏందప్పా, నిలబడిపోయినావు? కోర్టు కాయితముంటేగానీ లోపలికి రావా?"