గంగయ్యకు ముప్పై ఒక్క మార్కులు

గంగయ్య కోతలు కోస్తే ధర్మపురి దగ్గర గోదావరి కాసేపు ఆగి వినేది. నమ్మకపోతే మీ ఖర్మ. అతను పనిచేసిన మరమగ్గాల షెడ్డులో మోతకు పన్నెండు గంటలు పక్కవాడి మాట వినబడదు. పని దిగాక చాయ్ బండి దగ్గర ఎవడు పెద్ద కోత కోస్తే జనం వాడి చుట్టే. ఉన్నదున్నట్టు చెప్పేవాడు ఒంటరిగా చాయ్ తాగాలి.

ఆ షెడ్డులోనే ఒకనాటి తగాదాలో గంగయ్య తోసిన మనిషి మగ్గం మీద పడి చనిపోయాడు. అప్పటినుంచి ఆరేళ్లుగా జైలు. ములాఖత్‌కు వచ్చేవాళ్లు మొదటి ఏడాదికే మానేశారు. మిగిలింది సాయంత్రం బ్యారక్‌లో అతని కతలకు చేరే పదిమంది.

ఈసారి కొందరిని గోడలు లేని పొలం జైలుకు పంపుతామన్నారు. గోడ అడ్డం రాకుండా వంద అడుగులు నడవాలని గంగయ్య ప్రాణం కొట్టుకుంది. ముందు ఇరవై ప్రశ్నల కాగితం నింపాలి. మార్కులు ఎంత ఎక్కువొస్తే మనిషి అంత ప్రమాదమని లెక్క.

నింపడానికి వచ్చిన అధికారి మమతారాణి కుర్చీ చూపించింది. "ఇదివరకు ఎన్నిసార్లు కొట్లాడినవ్ గంగయ్యా?"

ఆరేళ్లలో అతన్ని కూర్చోబెట్టి అడిగిన మొదటి మనిషి. ఇంక ఆగుతాడా?

"గదేం అడుగుతరు మేడం! మందమర్రిల ఏడుగుర్ని ఒక్క కట్టెతోని ఉరికిచ్చిన!"

ఆమె రాసుకుంది. మిగతా ప్రశ్నలకూ ఇదే తీరు. మొత్తం ముప్పై ఒక్క మార్కులు, పొలం జైలు లేదన్నారు.

పక్క చాప మీద పడుకునే శ్రీహరి అన్నిటికీ "లేదు మేడం" అన్నాడు. నాలుగు. పొలానికి పోయాడు.

"గవన్నీ కోతలు మేడం! జర పెంచి చెప్పిన!" గంగయ్య మొత్తుకున్నాడు. కాగితంలో కోతలకు గడి లేదు. మళ్లీ కాగితం నింపేది ఏడాదికే అన్నారు.

ఇరవై రోజులకు శ్రీహరి పొలం నుంచి పారిపోయి, లక్సెట్టిపేటలో దొరికి, అదే బ్యారక్‌కు వచ్చాడు. "నాలుగు మార్కుల సారు వచ్చిండు!" అని అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం శ్రీహరే అడిగాడు: "గా ఏడుగురి కత చెప్పరాదే అన్నా, పొద్దు పోతలేదు."

పదిమందీ దగ్గరికి జరిగారు. గంగయ్యకు వచ్చే ఏటి కాగితం కళ్లలో మెదిలింది.

"ఏడుగురు కాదు తమ్మీ. ఒక్కడే. గాడు కొడితే నేనే ఉరికిన."

ఇంకేదో ఉంటుందని కాసేపు చూశారు. ఏమీ లేదు. ఒక్కొక్కరే లేచిపోయారు.

ఆ తర్వాత గంగయ్య చాప చుట్టూ ఎవరూ కూర్చోలేదు. అంత ఖాళీ పొలం జైలులో కూడా దొరకదట.