చప్పట్లు కొట్టేవాళ్లు లేని జట్టు

నిరుడు వేసవి సెలవుల్లో మా అమ్మాయి అన్నం తినేటప్పుడు కూడా ఫోను వదల్లేదు. ప్రేమ వ్యవహారమేమో అని మొదట కంగారు పడ్డాను. తీరా చూస్తే ఫుట్‌బాల్. తను ప్రాణంగా చూసుకునే ఆటగాడొకడు, ఎక్కడో సముద్రాల అవతల, పేరున్న పెద్ద క్లబ్బును వదిలేసి నిన్నమొన్న పుట్టిన ఒక చిన్న క్లబ్బుకు వెళ్లిపోతాడని పుకారు. ఆ చిన్న క్లబ్బుకు చరిత్ర లేదు, అభిమానులు లేరు, డబ్బు మాత్రం కుప్పలుగా ఉందట. అతను విమానం ఎక్కాడని ఒకరు, ఎక్కలేదని ఒకరు, అతని భార్య ఆ ఊళ్లో ఇల్లు చూసి వచ్చిందని ఇంకొకరు. మా పిల్ల పొద్దున నమ్మేది, మధ్యాహ్నానికి మానేసేది, రాత్రికి మళ్లీ నమ్మేది.

"ఆడికి పోయి ఏం చేస్తాడుమా? ఆడ చప్పట్లు కొట్టేదానికి ఎవురుండారు?" అంది ఒకరోజు, పెరుగన్నం కలుపుకుంటూ.

నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఈ పిల్లకు తెలుగు నాలుగు ముక్కలు రావడమే గొప్ప, కోపమొస్తే అరవంలోకి దూకేస్తుంది. అలాంటిది అచ్చం మా నాన్న మాట, ఆయన సాగదీసినట్టే సాగదీసి అంది. తాత దగ్గరే పట్టి ఉంటుంది. నాన్న పోయి అప్పటికి నెల కూడా కాలేదు. కంచం ముందు ఏడవకూడదంటారు కాబట్టి లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాను.

నాన్నది వాషర్‌మెన్‌పేట్‌లో లుంగీలు, తువ్వాళ్ల హోల్‌సేల్ కొట్టు. తాతల నాటిది. ఆ కొట్టుతోపాటు ఆయన మా వీధి ఫుట్‌బాల్ క్లబ్బును కూడా నడిపేవాడు. కొట్టు ఆయనకు కాలక్షేపం, క్లబ్బు వృత్తి అని మా అమ్మ దెప్పేది. ఏ సీజనులో ఏ రంగు గుడ్డ అమ్ముడుపోకుండా మిగిలితే ఆ ఏడు మా జట్టు చొక్కాలు అదే రంగు. ఒక ఏడాది ముదురు వంకాయ రంగు తానులు మిగిలాయి. అవతలి జట్లవాళ్లు సీజనంతా మమ్మల్ని కూరగాయల బండి అని పిలిచారు. నాన్నకు చీమ కుట్టినట్టయినా లేదు. వంకాయ చొక్కాలతోనే ఆ ఏడు పై డివిజన్‌కు ఎక్కాం.

మా క్లబ్బుకు ఒక ఆచారం ఉండేది. ఆయుధ పూజ నాడు కొట్టులో మీటరు కడ్డీ, కత్తెర, గల్లాపెట్టె అన్నీ కడిగి గంధం కుంకుమ పెడతారు కదా, ఆటగాళ్లు వాళ్ల బూట్లను కూడా ఆ పూజలో పెట్టేవాళ్లు. తోలు బూట్లు అమ్మవారి ముందా అని మా నాయనమ్మ మొదట్లో ఇంటి పైకప్పు ఎగరగొట్టిందట. వాళ్ల పనిముట్లు అవే కదమ్మా, దర్జీకి కత్తెరలాగా, అని నాన్న బతిమాలితే చివరికి కొన్ని షరతులతో దిగివచ్చింది. బూట్లు శుభ్రంగా కడగాలి. కొత్త లేసులు కట్టాలి. అమ్మవారి పీటకు కింది మెట్టు మీద అరిటాకు వేసి పెట్టాలి. ఇంట్లో పురుడో చావో జరిగి మైల ఉన్నవాడు ఆ పొద్దు కొట్టు మెట్టు ఎక్కకూడదు. ఈ చివరి షరతు ఆమె వేలు చూపించి మరీ చెప్పేదట. నాయనమ్మ పోయాక కూడా ఎవరూ దాన్ని తప్పలేదు.

పూజలో ఎవడి బూట్లు ఉంటే వాడు వచ్చే సీజనుకు మావాడు. హారతి అయ్యాక నాన్న ఒక్కొక్కరికీ నిమ్మకాయ, కొత్త చొక్కా చేతికిచ్చేవాడు. లీగువాళ్ల కాగితాల మీద సంతకాలు ఆ తర్వాత ఎప్పుడో. మా లెక్కలో సంతకం అంటే అరిటాకు మీది బూట్లే.

ఆ జట్టులో ఎడమ కాలితో ఆడే ఒకతను ఉండేవాడు. మా వెనక సందులోనే ఇల్లు. పగలు ప్రెస్సులో బైండింగు పని, సాయంత్రం మైదానం. అతను గీత పక్కనుంచి బంతి తీసుకుని పరిగెత్తుతుంటే మైదానం చుట్టూ జనం కూడా పక్కపక్కనే పరిగెత్తేవాళ్లు. మా నాన్నను అన్నా అనేవాడు, నన్ను పాపా అనేవాడు. నేను అప్పటికే కాలేజీలో చదువుతున్నాను, పాపా అంటే ఒళ్లు మండేది. అయినా అతని ఆట ఒక్కటీ వదిలేదాన్ని కాదు. నాన్నకు ఇద్దరు కొడుకులున్నా ఫుట్‌బాల్ గురించి మాట్లాడాలంటే నేను కావాలి, అతని గురించి మాట్లాడాలన్నా నేనే కావాలి.

ఆ ఏడాది అంబత్తూరులో పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ యజమానికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. కింది డివిజన్లో ఒక జట్టు పెట్టాడు. వాళ్లకు కర్టెన్లున్న బస్సు, హాఫ్‌టైములో కమలాపళ్లు, కాళ్లు పిసకడానికి ప్రత్యేకంగా ఒక మనిషి. లేనిది అభిమానులొక్కటే. పనివాళ్లంతా షిఫ్టుల్లో ఉంటే ఆట చూసేదెవరు? ఆ యజమాని తరఫున ఒకాయన కారులో మా వెనక సందుకు వచ్చాడు. మా ఎడమకాలి అతనితో కాసేపు మాట్లాడి వెళ్లాడు. పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారని తెలిసింది. అతను ఏమన్నాడో మాత్రం ఎవరికీ తెలియదు.

తెలియకపోతేనే కదా మనకు మాటలు ఎక్కువ. అప్పట్లో ఫోనులు లేకపోయినా టీకొట్టు ఉంది, మంగలి షాపు ఉంది, కుళాయి దగ్గర వరస ఉంది. అతన్ని అంబత్తూరు బస్సులో చూశామన్నారు. మరోసారి టిఫిన్ క్యారియరుతో చూశామన్నారు. వాళ్లన్న పురసవాక్కంలో కొత్త ఫ్యాను కొన్నాడని ఒకరంటే, కాదు, ఆ ఫ్యాను పెట్టెతో సహా తమ్ముడు అంబత్తూరులో బస్సు దిగి నడిచిపోతుంటే చూశానని ఇంకొకరు. ఇంకేముంది, కంపెనీ వాళ్లు ఫ్యాను బహుమతిగా ఇచ్చారని తేల్చేశారు. అక్కణ్ణుంచి తెచ్చుకునేవాడైతే పెట్టె మోసుకుని మా వైపు రావాలి గాని, బస్సు దిగి ఆ ఊళ్లోకి ఎందుకు నడుస్తాడని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నాన్న మాత్రం మొదట నవ్వేసేవాడు. "పోడ్రా వాడు. ఆడ చప్పట్లు కొట్టేదానికి ఎవురుండారు?" అనేవాడు కొట్టు ముందు చేరిన వాళ్లతో. వారం గడిచేసరికి అదే మాట నవ్వకుండా అన్నాడు. ఆయుధ పూజ దగ్గరపడేసరికి అనడమే మానేశాడు. అతను సాయంత్రాలు మైదానానికి వస్తూనే ఉన్నాడు, ఎదురుపడితే అన్నా అని నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వులో కూడా నాన్న ఏదో వెతకడం మొదలుపెట్టాడు. అందరినీ అడిగేవాడు, చివరికి మంగలిని కూడా. అతన్ని తప్ప.

పూజ రోజు వచ్చింది. గుమ్మానికి అరటి పిలకలు కట్టాం. బొరుగులు, పుట్నాలపప్పు, బెల్లం కలిపి గంగాళం నింపాం. ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి కింది మెట్టు మీద బూట్లు పెట్టి దండం పెట్టుకున్నారు. అరిటాకు మీద ఒక జత చోటు ఖాళీగా ఉంది. నాన్న ఏదో ఒక వంకతో హారతి ఆలస్యం చేస్తూనే ఉన్నాడు. వత్తి సరిగా లేదన్నాడు, కర్పూరం ఇంకో డబ్బీ తెమ్మన్నాడు.

అప్పుడు నేనే చూశాను. అతను వీధికి అవతలి పక్క టీకొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతులు ఖాళీ. మా వైపే చూస్తున్నాడు గాని ఒక్క అడుగు కూడా ఇటు వెయ్యడం లేదు. నాన్న భుజం తట్టి చూపించాను. నాన్న చూశాడు. అతను చెయ్యి సగం పైకెత్తాడు. నాన్న ముఖం తిప్పుకుని హారతి వెలిగించాడు.

హారతి అయ్యాక చొక్కాలు పంచే వంతు. ఆ ఏడు రంగు లేత ఆకుపచ్చ. ఎడమ పక్క ఆడేవాడి చొక్కా వచ్చేసరికి నాన్న ఒక్క క్షణం ఆగి, వీధంతా వినిపించేలా ఇంకొకతన్ని పిలిచి అతని చేతిలో పెట్టాడు. ఆ ఇంకొకతను బిక్కమొహం వేశాడు. నేను వీధి అవతలికి చూసేసరికి టీకొట్టు దగ్గర ఎవరూ లేరు.

రెండు వారాలు తిరక్కుండానే అతను అంబత్తూరు కంపెనీకి సంతకం పెట్టాడని తెలిసింది. చూశారా, మేం ముందే చెప్పామా లేదా అని టీకొట్టు వాళ్లు ఊగిపోయారు. ఆ మర్నాడు అతని తల్లి ఒక స్టీలు డబ్బాలో లడ్లు తీసుకుని మా కొట్టుకు వచ్చింది. పెద్ద కోడలికి ఆడపిల్ల పుట్టిందని, పురుడు తీరిందని, అందుకే ఇప్పుడు రాగలిగానని చెప్పింది. ఎప్పుడు పుట్టిందని అమ్మ అడిగింది. ఆయుధ పూజ నాటి తెల్లవారుజామునే, అంబత్తూరులో, కోడలి పుట్టింట్లో. ఎండలకు కడుపుతో ఉన్న పిల్ల తట్టుకోలేకపోతోందని అక్కడికి ఫ్యాను కూడా పంపించారట. మరిదే మోసుకెళ్లాడట.

"బూట్లు కడిగి, కొత్త లేసులు కట్టి ముందునాడే పెట్టుకున్యాడయ్యా. మైల కదా, మీ మెట్టు ఎట్లా ఎక్కేది? దూరం నుంచన్నా పూజ చూసొస్తానని వచ్చినాడు," అంది ఆమె. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది. చొక్కా సంగతి కొడుకు ఇంట్లో చెప్పినట్టు లేదు.

నాన్న చేతిలో లడ్డు చేతిలోనే ఉండిపోయింది. ఆమె వెళ్లాక చాలాసేపు మీటరు కడ్డీని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఏమిరా రాలేదే అని ఒక్క మాట కేక వేసుంటే చాలు కదమ్మా," అన్నాడు. వెళ్లి అతనితో ఆ మాట చెప్పమని నేను, అమ్మ ఎంతో పోరాం. వెళ్లలేదు. మొండితనం అనుకున్నాను అప్పుడు. సిగ్గు అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ కంపెనీ జట్టు తొందరగానే మా డివిజన్‌కు ఎక్కింది. మాతో ఆట వచ్చింది. మా వీధి వీధంతా మైదానంలోనే ఉంది. అవతలి పక్కన కర్టెన్ల బస్సు, దాని నీడలో ఇద్దరు ఆఫీసర్లు. అతను బంతి పట్టుకున్నప్పుడల్లా మావాళ్లు ఈలలు వేసి ఎగతాళి చేశారు. హాఫ్‌టైముకు కొంచెం ముందు ఎడమ పక్క గీత మీదుగా పరిగెత్తుకొచ్చి, మా గోల్‌కీపరు కదిలేలోపే మూలకు కొట్టాడు. మైదానం చల్లబడిపోయింది. ఆ ఆఫీసర్లకు అది గోల్ అని తెలిసిందో లేదో, వాళ్లూ కొట్టలేదు.

ఆ నిశ్శబ్దంలో చప్పట్లు వినిపించాయి. ఒక్క మనిషివి. తిరిగి చూస్తే నాన్న, నా పక్కనే నిలబడి, మా జట్టు ఓడిపోతుంటే రెండు చేతులూ ఎత్తి కొడుతున్నాడు. మావాళ్లందరూ ఆయన వైపు కొరకొరా చూశారు. అతను కూడా మధ్య గీత దాకా వెళ్లి, అక్కడ ఆగి, ఇటు చూశాడు. ఆట ఓడాం. మా గోల్‌కీపరు నెల రోజులు కొట్టు గడప తొక్కలేదు. ఇంటికొచ్చాక ఎందుకలా చేశావని అమ్మ నిలదీస్తే, "ఆడ కొట్టేదానికి ఎవురూ లేరు కదా," అన్నాడు నాన్న, కాళ్లు కడుక్కుంటూ.

తర్వాత అతను ఆడినన్నాళ్లూ ఆదివారాలు నాన్న బస్సులు మారి వెళ్లి ఆ జట్టు ఆటలు చూసి వచ్చేవాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారా అంటే, బాగున్నావా అంటే బాగున్నాను, అంతే. అతనికి అక్కడే ఉద్యోగం, పెళ్లి, ఇల్లు అన్నీ అయ్యాయి. ఆయుధ పూజ ఫ్యాక్టరీలోనూ ఘనంగా చేస్తారు, ఆ రోజు అతనికి రావడం కుదరదు. అలా మా పూజకు మళ్లీ రాలేదు. క్లబ్బు కూడా నాన్న వయసు పైబడేకొద్దీ సన్నబడి ఆగిపోయింది. బూట్లు లేని పూజ ఎంత బోసిగా ఉండేదో చెప్పలేను.

నిరుడు ఆయుధ పూజ నాడు, నాన్న సంవత్సరీకం ఇంకా కాలేదు కాబట్టి, కొట్టులో పూజ పెట్టలేదు. ఇప్పుడు కొట్టు చూసుకునే మా తమ్ముడు షట్టరు సగం దించేసి ఇంటికి వెళ్లాడు. నేను, మా అమ్మాయి ఊరికే మెట్టు మీద కూర్చున్నాం. వీధంతా అరటి పిలకలు, పగిలిన గుమ్మడికాయలు. మా గుమ్మం ఒక్కటే బోడిగా ఉంది. మా అమ్మాయి ఫోనులో మునిగి ఉంది. తన ఆటగాడు చివరికి ఆ డబ్బున్న చిన్న క్లబ్బుకే వెళ్లిపోయాడు, ఆ కోపం పిల్లకు ఇంకా తీరలేదు.

అవతలి పక్క, ఒకప్పుడు టీకొట్టు ఉన్నచోట, తెల్ల జుట్టు మనిషి ఒకడు గుడ్డ సంచితో నిలబడి మా గుమ్మం వైపు చూస్తున్నాడు. కొంతసేపు చూశాడు. తర్వాత ఆటోలను చేత్తో ఆపుకుంటూ వీధి దాటి తిన్నగా మా మెట్టు దగ్గరికి వచ్చాడు.

"ఏం పాపా, ఈసారి పూజ లేదా?" అన్నాడు.

ఇంత వయసొచ్చాక నన్ను పాపా అనేవాళ్లు ఎవరున్నారు? గుర్తుపట్టడానికి ఇంకేమీ అక్కర్లేకపోయింది. నాన్న పోయాడని చెప్పాను. అతనికి కబురు అందలేదు, తమ్ముడు చెప్పి ఉంటాడని నేను, నేను చెప్పి ఉంటానని తమ్ముడు. అతను కింది మెట్టు మీద కూర్చున్నాడు. సంచిలో బూట్లు ఉన్నాయి, మనవరాలివి, కొత్త లేసులు కట్టి. రిటైరయ్యాడు కాబట్టి ఈసారి మా పూజలో పెడదామని తెచ్చాడట.

అతనెవరో చెప్పగానే మా అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది. దానికి మొహమాటం తెలియదు. తిన్నగా అతని ముఖంలోకి చూసి, "మీరు డబ్బుకే పోయినారా అంకుల్?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అతను మాత్రం నవ్వాడు. "ఇన్నేండ్లకు ఒకరన్నా అడిగినారు," అన్నాడు. కాస్త ఆలోచించి, అబద్ధం చెప్పను, ఉద్యోగమంటే ఆశ పుట్టిందన్నాడు. అయినా బూట్లు కడిగి పెట్టుకున్నానని చెప్పాడు. "ఈడ నిలబడి చూస్తా ఉండా, నా చొక్కా ఇంకొకరికి ఇచ్చేసినారు. ఇంక నాకు ఆడే కదా చోటు."

కళ్లు తుడుచుకోవడానికి కూడా నేను ప్రయత్నించలేదు. ఆ గోలుకు చప్పట్లు ఎవరు కొట్టారో తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. అన్ని ఆటల్లోనూ ఆ చప్పుడు వచ్చేవైపు ముందు చూసి, తర్వాతే బంతి వైపు చూసేవాణ్ణన్నాడు.

చీకటి పడేముందు సంచి తీసుకుని లేచాడు. మెట్టు దిగి వెళ్లిపోతుంటే ఒక్కసారిగా భయం పట్టుకుంది నాకు. లేచి నిలబడి, వచ్చే ఏడు పూజ పెడతాం, బూట్లు తెస్తావా అన్నా అని గట్టిగా అడిగాను. వీధిలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా.

వీధి మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు. "అడిగినావు కదా పాపా, తెస్తాను," అన్నాడు.