గుర్రమైన బంటు

ఆత్మకూరు సారుకు ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఫోన్‌లో పంపినవి చదివినట్టు గుర్తు పడుతుంది, మాట మాత్రం రాదు. అందుకే అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

ఉదయగిరిలో మాకు జిరాక్సు కొట్టు ఉంది. గిరాకీ లేని వేళల్లో అక్కడి కంప్యూటర్‌లోనే చదరంగం ఆడే ప్రోగ్రాం రాశాను. రెండేళ్లు పట్టింది. నాకు ఆట నేర్పింది నాయన. కొండ కింద గొర్రెలు మేపుతూ, బండ మీద బొగ్గుతో గళ్లు గీసి నేర్పాడు. మిగతా నియమాలన్నీ తర్వాత పుస్తకం చూసి సరిచేసుకున్నాను. బంటు చివరి గడికి చేరితే ఏమవుతుందో మాత్రం చూడలేదు, తెలిసిందే కదా అని. మా ఇంట్లో అది ఏ పావు గడికి చేరితే ఆ పావే అవుతుంది. ఏనుగు గడిలో ఏనుగు, గుర్రం గడిలో గుర్రం.

సారు ఆత్మకూరులో పిల్లలకు చదరంగం నేర్పుతారు. నేను ఆట ఎక్కడ నేర్చుకున్నానో అడిగి తెలుసుకుని, పోటీల రోజున నా ప్రోగ్రాంతో అందరి ముందూ ఆడతానన్నారు. లాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కాను. ఆట మా వైపే మొగ్గింది. అప్పుడు మా బంటు గుర్రం గడికి చేరింది. మంత్రిని తెచ్చుకోవలసిన చోట ప్రోగ్రాం గుర్రాన్ని తెచ్చుకుంది.

"ఏందిరా ఇది! మంత్రి చేతికొస్తా ఉంటే గుర్రం కావాలంటాదే!" సారు పగలబడి నవ్వారు. "గొర్రెల కాడ నేర్చిన ఆట ఇట్నే ఉంటాది."

పిల్లలూ పెద్దలూ నవ్వారు. ఆయనే లాప్‌టాప్ మూసి నా చేతిలో పెట్టారు. "పోయి నేర్చుకోని రాపో."

ఆ వారమే పుస్తకం చూసి తప్పు దిద్దాను: బంటు ఏ గడికి చేరినా మనం కోరుకున్న పావు కావచ్చు, మంత్రైనా గుర్రమైనా. గొర్రెల మాట మింగేసి, మిగతాది నాయనకు చెప్పాను.

"నవ్వితే నవ్వినార్లేరా. గుర్రం ఏమన్నా తక్కువదా? ఆ తర్వాత ఎత్తులు చూసినావా?"

చూడలేదు. సిగ్గుతో ఆ ఆట మళ్లీ తెరవనే లేదు. నాయన అడిగాక ఆగిన చోటు నుంచి తెరిచాను. సారు తరఫున ఎన్ని రకాలుగా ఆడించినా ఆ గుర్రమే ఆయన రాజును కట్టేసింది. నాయన పక్కనే కూర్చుని చివరిదాకా చూశాడు.

"సారుకు చెప్పు. ఏమంటాడో చూద్దాం."

చెప్పాను, మూడుసార్లు. నాయన రోజూ కొట్టు దగ్గరికొచ్చి అడుగుతున్నాడు, ఏమన్నాడురా అని.

సార్, ఆటను మధ్యలో మూసింది మీరు. పావులు అక్కడే ఉన్నాయి, ఎత్తు మీది. వేయండి, లేదా ఓడానని ఒక్క ముక్క రాయండి. నాయనకు ఏం చెప్పమంటారు?