గోధుమ తగలని సారె

మా ఆయన బంగారురాజుకి కోపం తెప్పించడం చాలా సులువు. "పిండి కాస్త తగ్గినట్టుందే" అంటే చాలు. ముప్ఫై ఏళ్ళుగా నర్సీపట్నంలో పిండి మర నడుపుతున్నాడు. ఐదు కిలోల గింజలు పోస్తే ఐదు కిలోల పిండి రాదని, మరలో కొంత, గాలిలో కొంత పోతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈయన మాత్రం ఒప్పుకోడు. ఉన్న రెండు మరల కింద పళ్ళేల్లో రాలిన పిండంతా జల్లించి ఒక డబ్బాలో పోసుకుంటాడు. ఎవరి పిండి తూకం తగ్గినా అందులోంచి రెండు గుప్పెళ్ళు తీసి కలిపేస్తాడు. "నా మిల్లుకొచ్చినోలు తక్కువతో ఎల్లకూడదు" అంటాడు. ఈ మనిషితో వేగలేనని నేను వెయ్యిసార్లు అనుకుని ఉంటాను గానీ, ఆ గుప్పెళ్ళు చూసి మాత్రం లోలోపల మురిసిపోయేదాన్ని. అబద్ధమెందుకు?

మొన్న మాఘమాసంలో మా వీధి చివర జాకెట్లు కుట్టే దేవుడమ్మ నానబెట్టిన బియ్యం బకెట్టు పట్టుకుని వచ్చింది. వాళ్ళమ్మాయి సత్యశ్రీని కృష్ణదేవిపేటలో ఇచ్చారు. ఏడో నెల. చలిమిడి పెట్టి, సారె ఇచ్చి రావాలి.

ఆ పిల్లకి గోధుమ పడదు. సీలియాకట. ఆ పేరు నా నోట్లో తిరగడానికి వారం పట్టింది. చిటికెడు గోధుమపిండి కడుపులోకి వెళ్ళినా వాంతులు, నొప్పి. ఇంటర్లో ఉండగా విశాఖలో డాక్టరు కనిపెట్టాక పూరీ, రవ్వ, బిస్కెట్టు అన్నీ మానేసి పిల్ల కోలుకుంది. రెండేళ్ళ కిందట పెళ్ళిలో కూడా ఎంతో జాగ్రత్తగా ఉంది. తల్లి పెట్టిన చలిమిడి మాత్రం తింది. అత్తారింటికి వెళ్ళిన రాత్రి నుంచే మూడు రోజులు మంచం దిగలేదు.

"సారెలో కాజా దొంగతనంగా తినేసుంటావని తిట్టినానొదినా" అంది దేవుడమ్మ. "నేదమ్మా, ఒట్టు అని ఏడిసింది. బియ్యప్పిండికి జబ్బెలా సేస్తాదీ? నాను నమ్మనేదు. ఇప్పుడు కడుపుతో ఉన్నాది. ఈసారి ఏటైనా అయితే ఇద్దరికీ ముప్పు. అందుకే సారెలో నా పిల్ల తినలేంది ఒక్కటీ ఉండకూడదు."

"కాజా లేని సారేటే? ఊరు నవ్వదూ?" అన్నాను.

"నవ్వనీ. పళ్ళున్నోలు నవ్వుతారు."

తర్వాత మా ఆయన వైపు తిరిగి, "అన్నియ్యా, ఈ తడి బియ్యం మరలో ఎప్పుడైనా గోధుమలు ఆడినావా?" అని అడిగింది.

ఇంకేముంది! ఆయన ముక్కు ఎర్రబడింది. "తడి బియ్యానికి ఒక మర, పొడి గింజలకి ఒక మర. ఇది పెట్టిన కాడ్నుంచీ దీంట్లో గోధుమ గింజ పడనేదు. కళ్ళతో సూసుకో!" అని బకెట్టు లాక్కుని, ఆమె ఎదురుగానే ఆడించాడు. పిండి తెల్లగా, మల్లెపువ్వులా దిగింది. తూకం వేశాడు. పావుకిలో తగ్గింది.

దేవుడమ్మతో మాట్లాడుతూనే డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఒక గుప్పెడు తీసి కలిపాడు. రెండో గుప్పెడు తీస్తుంటే అప్పుడు తట్టింది నాకు. ఎగిరి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఏటే, పిచ్చెక్కినాదా?"

"ఆ డబ్బాలో ఏటుందండీ?"

ఆయన గుప్పెడు విప్పి చూసుకున్నాడు. బియ్యప్పిండి, జొన్నపిండి, గోధుమపిండి. రోజూ రాలిన ప్రతి పిండీ అందులోనే ఉంది. పెళ్ళికి కూడా ఇక్కడే ఆడించారు. ఆ రోజూ ఇలాగే కలిపి ఉంటాడు. ఆయన బస్తా మీద కూలబడిపోయాడు.

దేవుడమ్మ ఆయన్ని తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. ఆమె మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. "నా గుంట అబద్ధం సెప్పనేదొదినా. రెండేళ్ళు దొంగదాన్ని సేసినాను."

ఆమెను చూసి నాకూ ఏడుపు ఆగలేదు. ఆ పిండి గేదెలకి పోయించాం.

ఆదివారం మర బంద్ అని బోర్డు పెట్టి, మా ఆయన తడి మర మొత్తం విప్పేశాడు. పంక్చరు షాపులో గాలి కొట్టే మిషను అడిగి తెచ్చి సందుసందుకీ ఊదాడు. పిండి దిగే పాత గుడ్డ గొట్టం తీసి పారేస్తే, దేవుడమ్మ కొత్త గుడ్డతో రెండోది కుట్టి తెచ్చింది. గచ్చు మూడుసార్లు కడిగాం. చివరికి మా ఆయన్ని చూసి, "మీ కనుబొమల్లో కూడా గోధుమ ఉంటాది, పదండి" అని కుంకుడుకాయ రసంతో తలంటు పోశాను. కళ్ళు మండి ఆయన వేసిన కేకలకి వీధి వీధంతా నవ్వింది.

దేవుడమ్మ మళ్ళీ నానబెట్టి తెచ్చిన బియ్యం ఆడించి తూకం వేస్తే ఈసారీ పావుకిలో తగ్గింది. ఆయన చెయ్యి అలవాటు చొప్పున పక్కకి వెళ్ళి, డబ్బా అక్కడ లేక ఆగిపోయింది. అలా తగ్గిన పిండినే దేవుడమ్మ చేతికిచ్చి, "తప్పుగా అనుకోకమ్మా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన పడిన అవస్థ నాకే తెలుసు.

రెండు రోజులు దేవుడమ్మ ఇంట్లో పొయ్యి ఆరలేదు. కొత్త మూకుడు, కొత్త గరిటెలు. చలిమిడి, అరిసెలు, నువ్వుల ఉండలు, కొబ్బరి లౌజు, సున్నుండలు. కాజాల బదులు, కొయ్యూరు కొండవాళ్ళ దగ్గర కొన్న చోళ్ళు, అదే రాగులు, తిరగలిలో విసిరి బెల్లం పాకంతో ఉండలు కట్టాం. జంతికల్లో ఇంగువ వెయ్యబోతుంటే వీడియో ఫోనులో చూస్తున్న సత్యశ్రీ కేకేసింది: "అమ్మా, డబ్బా మీద సదువు! పొడి ఇంగువలో గోధుమపిండి కలుపుతారు!" చూస్తే నిజమే, చీమతలంత అక్షరాలు. వాముతో సరిపెట్టాం.

మేం ముగ్గురం సారె బుట్టలతో షేరాటో ఎక్కాక నా పక్కన ఒకావిడ బిస్కెట్ ప్యాకెట్ విప్పింది. "తల్లీ, నీ కాళ్ళు మొక్కుతాను, అది దిగినాక తిను!" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ప్యాకెట్ సంచిలో దాచేసుకుంది.

అత్తారింట్లో సత్యశ్రీని పీట మీద కూర్చోబెట్టారు. ఆకుపచ్చ గాజులతో ఎంత ముచ్చటగా ఉందో! దేవుడమ్మ చలిమిడి ముద్ద చేతిలోకి తీసుకుంది. పిల్ల నోరు తెరవలేదు.

"పిండెక్కడ ఆడించావమ్మా?"

"మావయ్య మిల్లులోనే."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. మా ఆయన అందరి ముందూ ముందుకొచ్చాడు. "పెళ్ళిలో నీకు జబ్బు సేసింది నానేనమ్మా. తూకం తగ్గిందని కల్తీ పిండి కలిపినాను. ఈసారి కలపనేదు. తగ్గిన పిండే ఇచ్చినాను" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ పరువు ఆ వాకిట్లో పెట్టేశాడు.

"ఆ రోజు నువ్వు కాజా తిననేదమ్మా. నాకు తెలిసినాది" అంది దేవుడమ్మ.

"నాకెప్పుడో తెలుసు కదే" అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసి, నోరు తెరిచింది. రెండు ముద్దలు తింది. అప్పటికి పన్నెండు దాటింది.

ఏదైనా తేడా చేస్తే మూడు నాలుగు గంటల్లో తెలిసిపోతుందట. ముత్తయిదువులు తాంబూలాలు తీసుకుని వెళ్ళారు. భోజనాలయ్యాయి. మా ఆయన విస్తరి ముందు కూర్చోలేదు. నేను పిలిచినా, సత్యశ్రీ అత్తగారు పిలిచినా, "తర్వాత తింటానండీ" అని అరుగు మీదే ఉండిపోయాడు. లోపల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. పిల్ల పడుకుంది. దగ్గు వినిపించినా దేవుడమ్మ ఉలిక్కిపడుతోంది.

నాలుగున్నరకి తలుపు తెరుచుకుంది. సత్యశ్రీ నడుం మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా అరుగు మీదికి వచ్చింది. మేం ముగ్గురం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం.

"ఏటమ్మా? ఏటైంది?"

"అమ్మా, సలిమిడింకా ఉందా?"

దేవుడమ్మ లోపలికి పరుగెత్తి గిన్నె మొత్తం ఎత్తుకొచ్చింది. మా ఆయన గోడకి జారగిలపడి, గట్టిగా ఊపిరి వదిలి, నా వైపు తిరిగి అన్నాడు:

"బేగి అన్నం ఎట్టించవే, ఆకలితో సచ్చిపోతన్నాను."