సొన మరకల దుప్పటి

నాకు కుళ్లెక్కువ. మా అమ్మ ఈ మాట నలుగురిలోనూ అంటుంది, నేనూ కాదనను. కానీ చాట్రాయి దగ్గర తోటలో గడిపిన ఆ వేసవిలో కుళ్లుకున్నంతగా నేనెప్పుడూ కుళ్లుకోలేదు.

బొమ్మలు వేసేవాళ్లకు రెసిడెన్సీలని ఉంటాయి. ఎవరో ఒకరు చోటిచ్చి, తిండి పెట్టి, మీ పని మీరు చేసుకోండంటారు. ఆఖర్న ఆ పనితో ఎగ్జిబిషన్ పెడతారు. కళలంటే ఇష్టమున్న ఒక మామిడి రైతు తన తోటలో షెడ్డు పక్కనున్న గదులు మాకిచ్చారు. మాకంటే, నాకూ, ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో నాతో చదివిన విశాఖ స్నేహితురాలికీ. వేసవి అయ్యాక విజయవాడలో ఇద్దరి పనీ కలిపి చూపించాలి. ఆ హాల్లో తలుపు తీయగానే ఎదురుగా ఒక పెద్ద గోడ ఉంటుంది. మిగతా గోడల మీద ఏముందో జనం తర్వాత చూస్తారు, కొందరు అసలు చూడరు. ఆ గోడ నాకు కావాలి. నూజివీడులో పుట్టి, రసాలు జుర్రుకుంటూ పెరిగినదాన్ని. మామిడి తోట మీద పెట్టే ఎగ్జిబిషన్లో ఎదురు గోడ సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన మనిషికి ఎలా ఇస్తారు?

ఇచ్చేలాగే ఉన్నారు. అదే నా బాధ.

వచ్చిన వారానికే తోటంతా నా స్నేహితురాలిదైపోయింది. కాయలు కోసేవాళ్లు నన్ను "మేడంగారూ" అనేవాళ్లు, తనని "అమ్మాయ్" అని పిలిచేవాళ్లు. బంగినపల్లికీ కలెక్టరు కాయకీ తేడా తెలియని మనిషి ఏదడిగినా, పనాపి మరీ జవాబు చెప్పేవాళ్లు. నాకన్నీ తెలుసు కాబట్టి నాతో ఎవరికీ మాటల్లేవు. ఆదివారాలు నూజివీడు నుంచి మా అమ్మ ఆటోలో క్యారేజీ పట్టుకొచ్చేది. కొత్తావకాయ కలిపిన మొదటి ముద్ద కూడా తనకే.

"నేనూ ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాను ఒకసారి.

"నువ్వెక్కడికి పోతావే? ముందు ఆ పిల్లని తిననీ."

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

నేను రోజూ పొద్దున్నే కాన్వాసు ముందు కూర్చునేదాన్ని. పెద్ద కాన్వాసు మీద ఆయిల్ రంగుల్లో ఒకే ఒక్క చెట్టు. ఆకుల మధ్య నుంచి ఎండ జారే తీరు పట్టుకోవాలని ఆకు ఆకూ వేశాను. తనేమో తోటంతా తిరుగుతుండేది. ఒక తెల్ల దుప్పటి చెట్టు కింద పరిచి, దాని మీద పడ్డ కొమ్మల నీడల్ని సిరాతో గీయబోయేది. నీడ కదిలిపోతోందని నవ్వుకుంటూ లేచిపోయేది. ఎగ్జిబిషన్ ఏర్పాట్లు చూసే ఆవిడ ఒకరోజు వచ్చి, నా చెట్టు చూసి, "చాలా ఓపికండీ మీకు," అన్నారు. తన దుప్పటి దగ్గర మాత్రం నేల మీద చతికిలబడి కాఫీ చల్లారిపోయేదాకా కబుర్లు చెప్పారు. ఓపికట! పప్పులో రాళ్లు ఏరేవాళ్లని అంటారు ఆ మాట.

ఒక మధ్యాహ్నం ఎవరో మా కోసం చిన్న రసాల బుట్ట తెచ్చి షెడ్డు ముందు పెట్టి వెళ్లారు. కాయలు తొడిమలతోనే, మా మాటలో ముచ్చికలతోనే ఉన్నాయి. ముచ్చిక తుంచిన కాయని వెంటనే బోర్లించాలని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. లేకపోతే సొన పైకి కారి, కారిన చోటల్లా తొక్క మాడిపోతుంది. చెట్టు నీడలో పరిచిన బట్ట కనపడింది. మామిడి ఊళ్లో పుట్టిన చేతులు ఇంక ఆలోచించవు. ముచ్చికలు తుంచుతూ, కాయలు వరసగా బోర్లించేసి, ఫోనొస్తే మాట్లాడుకుంటూ లోపలికి పోయాను. అది తన నీడల దుప్పటని సాయంత్రం తను కేక పెట్టేదాకా తట్టలేదు.

బయటికొచ్చేసరికి కాయలన్నీ పక్కకు తీసి, దుప్పటి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. బట్టకి పట్టిన సొన చచ్చినా పోదు. ఏడుస్తుందనుకున్నాను. కాస్త ఏడిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎవరు పెట్టారే ఇలా?"

"నేనే. చూసుకోలేదు."

"ఇంక దీన్ని ముట్టుకోకు," అని తీసుకెళ్లి తీగ మీద ఆరేసింది.

ఎండ తగిలేకొద్దీ మరకలు రంగు తేలాయి. ముందు లేత గోధుమరంగు, ఆ తర్వాత కాఫీ రంగు. తను సగంలో వదిలేసిన సిరా కొమ్మలకి గుత్తులు గుత్తులుగా కాయలు కాసినట్టుంది. బాగుంది. బాగుందని చూసిన క్షణంలోనే తెలిసింది కాబట్టే కడుపు మండిపోయింది.

అనుకున్నట్టే ఎదురు గోడ దుప్పటికిచ్చారు. నా చెట్టుకి పక్క గోడ.

"కింద ఇద్దరి పేర్లూ రాయిస్తున్నా," అంది తను. "మరకలు నీవే కదే."

"అక్కర్లేదు. అది నా పొరపాటు, బొమ్మ కాదు."

"పొరపాటుకే ఎదురు గోడిచ్చారు, ఇంకేం కావాలే నీకు?"

వెళ్లి నా చెట్టుకి ఇంకో నాలుగాకులు వేశాను.

విజయవాడలో హాలు నిండింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే దుప్పటి ముందు ఆగిపోయారు. నా మాట వినకుండా నా పేరు కూడా రాయించింది, అదీ తన పేరు కన్నా ముందు. పేపరు నుంచి వచ్చినాయన అది చదివి నా దగ్గరికొచ్చారు.

"ఇందులో మీరేం చేశారండీ?"

"కాయలు బోర్లించానండీ."

"అంతేనా?"

నేను నోరు తెరిచేలోపు తను అందుకుంది. "అది తనకే వచ్చండీ. తర్వాత నేనూ పెట్టి చూశాను, బోలెడు బట్టలు పాడయ్యాయి గానీ ఇలా రాలేదు. చూడండి, ఒక కాయకీ ఇంకో కాయకీ మధ్య ఆ ఎడం చూడండి. అసలు బొమ్మంతా అదే."

మాటలో వెటకారం లేదు. వెతికాను. ఆయన నా వైపు తిరిగి, "మరి ఇలాంటివి ఇంకా చేస్తారా?" అని ఆశగా అడిగారు.

పక్క గోడ వైపు చూశాను. నా చెట్టుకి వీపు ఆనించి ఒకాయన ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. నా స్నేహితురాలి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ చెట్టు వేసింది నేను, ఈ కాయలు పెట్టిందీ నేనే. కుళ్లుకోవడానికి ఇంకో మనిషి మిగల్లేదు.